కాలు జారకముందే

'కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం' అంటారు పెద్దలు. అది వయసులో ఉన్నవాళ్ల మాట. అరవై దాటాక కాలు జారినా తీసుకోవడం కష్టమే.

సినిమాల్లో యముడంటే కైకాల సత్యనారాయణ గుర్తొస్తారు. ఆయన ఇల్లు హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో ఉండేది. 2021లో, 86 ఏళ్ల వయసులో ఆయన ఇంట్లోనే జారిపడి ఆసుపత్రిలో చేరారు. 2023 డిసెంబరు 7 రాత్రి మాజీ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఎర్రవల్లిలోని తన ఇంట్లో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. మర్నాడే ఆపరేషన్ చేశారు. అంతటివాళ్లకే తప్పలేదు!

ఫిల్మ్‌నగర్ బస్తీల నుంచి ఎందరో ఆడవాళ్లు జూబ్లీహిల్స్ బంగళాల్లో పనికి వెళతారు. అక్కడ నున్నటి పాలరాతి నేల. ఇక్కడ గుట్ట మీద ఇరుకు మెట్లు, నీళ్ల డ్రమ్ము దగ్గర పాచి. రెండు ఇళ్లలోనూ ముసలివాళ్లుంటారు. అత్త మంచాన పడితే కోడలు పని మానుకోవాలి. కూలి పోతుంది. మందుల ఖర్చు మీద పడుతుంది.

ఎందుకు పడతారు?

వయసు పెరిగితే చూపు తగ్గుతుంది. కాళ్లలో పట్టు సడలుతుంది. కొందరికి బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వేసుకుంటే లేవగానే కళ్లు తిరుగుతాయి. ముట్లు ఆగాక ఆడవాళ్ల ఎముకలు త్వరగా గుల్లబారతాయి. చిన్న దెబ్బకే విరుగుతాయి. వయసును మార్చలేం. ఇంటిని మార్చుకోగలం.

ఇంట్లో ఏం చేయాలి?

స్నానాల గది: పాచి పట్టకుండా బ్లీచింగ్ పొడి వేసి రుద్దాలి. సబ్బునీళ్లు నిలవకూడదు. నున్నటి బండ ఉంటే మేస్త్రీతో గంట్లు పెట్టించాలి. పట్టుకోవడానికి గోడకు గట్టి ఇనుప పైపు బిగించాలి. కుళాయినీ, తువ్వాలు కడ్డీనీ నమ్ముకోకూడదు. అవి ఊడివస్తాయి.

వెలుతురు: రాత్రి దొడ్డికి వెళ్లే దారిలో చిన్న బల్బు వెలగాలి. మంచం పక్కన టార్చిలైటు ఉండాలి.

మెట్లు, గడప: మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. ప్రతి మెట్టు అంచుకూ తెల్ల రంగు వేయాలి. గడపకు పసుపు రాస్తాం కదా! ఆ రంగు చూపు తక్కువైనవాళ్లకు గడపను చూపిస్తుంది.

నేల: జారే గోనెపట్టలు తీసేయాలి. వైర్లు, బిందెలు నడిచే దారిలో ఉంచకూడదు. తడిగుడ్డ పెట్టాక ఆరేదాకా పెద్దవాళ్లను కూర్చోమనాలి. అరిగిన హవాయి చెప్పులు పారేయాలి.

మంచం: కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. లేచేముందు కాసేపు కూర్చోవాలి.

బస్తీ దవాఖానలో బీపీ చూపించాలి. కళ్లు తిరిగితే డాక్టరుకు చెప్పాలి. మాత్రలు సొంతంగా మానకూడదు. కంట్లో శుక్లం ఉంటే మెహిదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పడిపోతే?

గబుక్కున లేపకూడదు. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా కనిపించినా నడిపించకూడదు. తైలం రుద్దకూడదు. తల కింద దుప్పటి పెట్టి 108కి ఫోన్ చేయాలి.

చాలామంది పెద్దవాళ్లు పడినా చెప్పరు. తిడతారని భయం. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. అందుకే కోప్పడకుండా అడగాలి. ఎక్కడ జారిందో ఆ చోటును ఆ రోజే బాగుచేయాలి.

ఆలోచించండి

1. మీ ఇంట్లో జారే చోట్లు ఎన్ని ఉన్నాయి?
2. ఖర్చు లేకుండా ఈరోజే ఏవి బాగుచేయవచ్చు?
3. మీ అమ్మ, మీ అత్త ఎప్పుడైనా పడ్డారా? అడిగారా?