శిశురక్త రహస్యము



బిడ్డ తెల్లబాఱి నీరసించినచో తల్లి పాలను, తల్లి నక్షత్రమును, తుదకు తల్లి నడవడిని సైతము తప్పుపట్టుట మనలో చిరకాలముగా నున్న దురాచారము. రక్తసంబంధమైన కొన్ని వ్యాధుల విషయమున నీ నింద యెంత యన్యాయమైనదో తెలిసికొనుటకు ఒక జన్యువు కథ మిక్కిలి యుపకరించును. దాని పేరు బి.సి.ఎల్. 11ఏ. పేరు కర్ణకఠోరమైనను దాని పని తల్లులందఱును తెలిసికొనదగినది.

మన రక్తమునకు ఎఱ్ఱదనమునిచ్చి ప్రాణవాయువును మోయు పదార్థము హీమోగ్లోబిన్. ఇది గర్భస్థ శిశువునకు ఒక విధముగను, పెద్దవారికి వేఱొక విధముగను ఉండును. శిశువు తల్లి రక్తమునుండియే ప్రాణవాయువును గ్రహింపవలెను గదా! కావున శిశువు హీమోగ్లోబిన్ ఆ వాయువును మఱింత గట్టిగా పట్టుకొనును. పుట్టిన పిమ్మట కొన్ని మాసములలో నిది క్రమముగా తగ్గి, పెద్దల హీమోగ్లోబిన్ దాని స్థానము నాక్రమించును. పెద్దలలో మునుపటిది సాధారణముగా నూటికి 1 వంతు కంటె తక్కువగా మిగులును.

సికిల్ సెల్ వ్యాధిలో పెద్దల హీమోగ్లోబిన్ నందు ఒక్క చిన్న మార్పుండును. దానివలన గుండ్రని యెఱ్ఱకణములు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొని, భరింపరాని నొప్పులను కలిగించును. 1948లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లినులో జానెట్ వాట్సన్ అను శిశువైద్యురాలు ఒక వింతను గమనించెను. ఈ వ్యాధితో పుట్టిన పసికందుల రక్తమున కొడవలి కణములు మిక్కిలి తక్కువ! శిశువు హీమోగ్లోబినే వారిని కాపాడుచున్నదని ఆమె యూహించెను. గర్భమందు పరీక్షిత్తును కాచిన రక్షవంటి రక్ష ప్రతి శిశువునకును గలదు. అయితే పుట్టిన కొలది మాసములకే యది తొలగిపోవుచున్నది.

దానిని తొలగించున దేది? 2007, 2008 సంవత్సరములలో సమాధానము దొరకెను. శిశువు హీమోగ్లోబిన్ పెద్దతనమునను అధికముగా మిగిలిన వారి జన్యువులను ఇతరుల జన్యువులతో పోల్చగా, 2వ క్రోమోజోము మీది బి.సి.ఎల్. 11ఏ యొద్ద భేదము కనబడెను. దీని నణచినచో శిశువు హీమోగ్లోబిన్ మరల పెరుగునని అమెరికాలో స్టువర్టు ఆర్కిన్ బృందము నిరూపించెను.

ఈ జన్యువు వలన తయారగు మాంసకృత్తునకు వ్రేళ్లవంటి మడతలు గలవు. ఒక్కొక్క మడతను ఒక్కొక్క తుత్తునాగపు పరమాణువు పట్టి నిలుపును. తుత్తునాగమనగా జింకు, కనుకనే వీనికి జింకువ్రేళ్లని పేరు. 1985లో కేంబ్రిడ్జిలో ఆరన్ క్లూగ్ బృందము కప్ప అండములలోని మాంసకృత్తునందు వీనిని మొదట గుర్తించెను. వైణికురాలి వ్రేలు తగిన మెట్టును వెదకి పట్టినట్లు, ఈ వ్రేళ్లు జన్యుసూత్రముపై తగిన చోటును పట్టుకొని, ఒక జన్యువును పలికించుటయో మౌనముగా నుంచుటయో చేయును. బి.సి.ఎల్. 11ఏ వ్రేళ్లు శిశువు హీమోగ్లోబిన్ జన్యువు చెంత చేరి దాని నోరు మూయును. ఆ జన్యువు నశింపలేదు. మాటాడక యున్నది, అంతియే.

అట్లని బి.సి.ఎల్. 11ఏను పూర్తిగా తొలగింపరాదు. మెదడు పెంపునకు అది యావశ్యకము. 2013లో ఎఱ్ఱకణముల వంశమందు మాత్రమే దానిని ప్రేరేపించు భాగమును శాస్త్రజ్ఞులు కనుగొనిరి. జన్యువును కోరిన చోట కత్తిరించు క్రిస్పర్ అను ఉపాయమునకుగాను ఎమాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నా అను నిద్దఱు స్త్రీలు 2020లో నోబెలు బహుమానము నందిరి. ఆ ఉపాయముతో రోగి మూలకణములలో నా భాగమును కత్తిరించి, తిరిగి రోగికే యెక్కించు చికిత్సకు 2023 నవంబరులో బ్రిటనునందును, డిసెంబరులో అమెరికాయందును అనుమతి లభించెను. దీనికి ముందు తీవ్రమైన మందులతో ఎముకలలోని మూలుగను ఖాళీచేయవలెను. అమెరికాలో దీని వెల 22 లక్షల డాలర్లుగా నిర్ణయింపబడెను. ఇది సామాన్య కుటుంబములకు అందరాని ఫలము.

అయినను మనకు అందుబాటులో నున్నవి లేకపోలేదు. హైడ్రాక్సీయూరియా యను మాత్ర పెక్కుమంది రోగులలో శిశువు హీమోగ్లోబిన్ ను కొంత పెంచి, నొప్పులను తగ్గించును; దానిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. మన అల్లూరి సీతారామరాజు, ఆదిలాబాదు జిల్లాల గిరిజనులలో ఈ వ్యాధి గలదు. 2023 జూలైలో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము, 40 సంవత్సరములలోపు వారు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయవలెనని సంకల్పించెను.

ముఖ్యముగా నొక్క మాట. ఈ వ్యాధి తల్లి ఒక్కతెవలన రాదు. తండ్రినుండి యొకటి, తల్లినుండి యొకటి, రెండు లోపజన్యువులు కూడిననే వచ్చును. ఒక్కటి మాత్రమే గలవారు వాహకులు, సాధారణముగా ఆరోగ్యవంతులే. దంపతు లిరువురును వాహకులైనచో ప్రతి కానుపునందును బిడ్డకు వ్యాధి కలుగుటకు 4లో 1 వంతు అవకాశము గలదు. తలసీమియా సంగతియు నిట్టిదే.

కావున జాతకములు చూచునప్పుడే వధూవరు లిరువురి రక్తమును పరీక్షింపజేయుడు. పిల్లను మాత్రమే పరీక్షించి, వాహకురాలని త్రోసిపుచ్చుట పరమ అన్యాయము. ఇరువురును వాహకులని తెలిసినచో వైద్యుని సలహా నడుగుడు. గర్భమందే పరీక్షించు మార్గములు గలవు. వ్యాధితో బిడ్డ పుట్టినచో, తల్లిని నిందించుటలో వ్యర్థమగు ప్రతిదినమును ఆ బిడ్డ చికిత్సకు వినియోగింపుడు. ఇంటి పెద్దలు ఇంతమాత్రము గ్రహించిన చాలును. పెక్కు తల్లుల కన్నీరు తుడువబడును.