దవడ పన్ను లోపలి రూపం

దంత సూత్రం 2123/2123 అని మనమందరం బట్టీ పట్టిన వాళ్లమే. అందులో చివరి 3 అంటే చర్వణకాలు, మన మాటలో దవడ పళ్లు. అన్నమైనా, జొన్నరొట్టె అయినా, మక్క గుడాలైనా నమిలేది వీటితోనే. అద్దంలో చూస్తే వాటి మీద గుబ్బలు, గుబ్బల మధ్య గాడులు కనిపిస్తాయి. ఆ రూపం ఎలా వస్తుందో ఈ సంచికలో చెప్పుకుందాం.

పన్ను పైకి రాకముందే, దవడ ఎముకలో ఉండగానే దాని రూపం ఖాయమవుతుంది. మొదట రెండు కణాల పొరలు ఒకదాన్నొకటి ఆనుకొని పెరుగుతాయి. పై పొరలో కొన్ని చోట్ల కణాలు చిన్న ముడిలా చేరతాయి. దీన్ని ఎనామిల్ ముడి అంటారు. ముడిలోని కణాలు విభజన చెందవు, చుట్టూ ఉన్నవి పెరుగుతూ పోతాయి. దాంతో పొర అక్కడ మడత పడి గుబ్బ తయారవుతుంది. నాట్లలో మొక్కకూ మొక్కకూ ఎడం ఉన్నట్టే, ఒక ముడి తన దగ్గరలో మరో ముడి రాకుండా సంకేతాలు పంపుతుంది. పన్ను పెద్దదై, ముడుల మధ్య ఎడం తక్కువైతే అదనపు గుబ్బకు చోటు దొరుకుతుంది. మనుషులు, వాలిడులు, శిలాజ మానవుల దవడ పళ్లను స్కాన్ చేసి, ఈ సూత్రం చాలావరకు సరిపోతుందని శాస్త్రవేత్తలు 2018లో చూపారు.

తర్వాత ఆ రెండు పొరల సరిహద్దు నుంచి లోపలికి డెంటిన్, బయటికి ఎనామిల్ పేరుకుంటాయి. పంటి అసలు రూపం ఆ సరిహద్దులోనే ఉంటుంది. గోడ మీద చెక్కిన పువ్వుకు సున్నం మందంగా పూస్తే సన్నని గీతలు పూడిపోయినట్టు, లోపలి చిన్న గుబ్బలు కొన్ని బయటికి సరిగా కనిపించవు.

కింది మొదటి దవడ పంటికి చాలామందిలో 5 గుబ్బలు, రెండోదానికి తరచుగా 4 ఉంటాయి. పై మొదటి దవడ పంటికి నాలుక వైపు కొందరికి ఇంకో చిన్న గుబ్బ ఉంటుంది. దానికి వియన్నా దంతవైద్యుడు కారబెల్లి పేరు పెట్టారు. అన్నిటికంటే ఎక్కువ తేడాలు జ్ఞానదంతంలో కనిపిస్తాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మిత్రులం పక్కపక్కన కూర్చొని చూసుకున్నా మన పళ్లు ఒక్క తీరుగా ఉండవు. ఈ తేడాలు ఎవరి ఎక్కువ తక్కువలకూ గుర్తు కావు.

మొదటి దవడ పన్ను గట్టిపడటం పుట్టుక సమయంలోనే మొదలై, పైభాగం దాదాపు 3 ఏళ్లకు పూర్తవుతుంది. 6 ఏళ్లప్పుడు పాల పళ్ల వెనుక అది పైకి వస్తుంది. దాని కోసం ఏ పన్నూ ఊడదు కనుక ఇంట్లో వాళ్లు దాన్ని పాల పన్నే అనుకుంటారు, పుచ్చినా పట్టించుకోరు. కానీ అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. ఎనామిల్‌ను కట్టిన కణాలు పన్ను పైకి వచ్చేసరికి నశిస్తాయి. లోపల జరిగిన నష్టం కూడా మిగిలిపోతుంది. నెల్లూరు జిల్లాలో నీటి ఫ్లోరైడ్ వల్ల పళ్లకు పట్టిన మచ్చల గురించి 1937లోనే వైద్యులు రాశారు. అవి పళ్లు తయారయ్యే వయసులో పడే మచ్చలు, తోమితే పోవు.

పంటి రూపం మన చేతిలో లేదు, దాన్ని కాపాడుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ పన్ను అప్పటికే వచ్చి ఉంటుంది. మెతుకులు ఇరుక్కునేది, పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా దాని గాడుల్లోనే. రెండు పూటలా వెనుక దాకా తోముకోవడం వాళ్లకు మనమే నేర్పుదాం. గాడిలో నల్ల చుక్క కనబడితే నొప్పి వచ్చేదాకా ఆగకుండా దంతవైద్యుడికి చూపిద్దాం. లోతైన గాడులను పుచ్చకముందే పూతతో పూడ్చే వీలు కూడా ఉంది.