ప్రేక్షక ఘోషయు క్రీడాధర్మమును

విస్సన్నపేట మామిడితోటల నడుమ గాని, మరియే యాంధ్ర గ్రామమున గాని చెడుగుడు పందెము జరిగినపుడు పొరుగూరి జట్టు రెండు శక్తుల నెదుర్కొనవలసి యుండును: బరిలోని ఏడుగురు ఒకటి, బరిచుట్టు మూగిన జనము రెండవది. ఈ రెండవ శక్తిని గూర్చియే మేమిందు విచారింపదలచితిమి.

అమెరికనులు తమ ఫుట్‌బాలునందు దీనినొక విద్యగా సాధించిరి. బంతి పరజట్టు వశముననున్నపుడే వారు కేకలు వేయుదురు. నాయకుని సంకేతము వినబడక ఆ జట్టువాడొకడు ముందుగా కదలెనేని 5 గజములు వెనుకకు పోవలసినదే. స్వీయజట్టు వంతు రాగానే జనము మౌనము వహించును. 2014 సెప్టెంబరు 29వ తేదీని కాన్సస్ సిటీలో ఈ ఘోష 142.2 డెసిబెళ్లకు చేరి గిన్నిస్ గ్రంథమున కెక్కినది. సమయజ్ఞతయే దీనికి ప్రాణము.

అయినను ఘోష యొక్కటియే జయము నొసగజాలదు. 2023 నవంబరు 19వ తేదీని అహమ్మదాబాదులో 90,000కు పైబడిన జనులను ఆస్ట్రేలియా క్రికెట్ జట్టు తన యాటచేతనే నిశ్శబ్దులను గావించి ప్రపంచకప్పును గొనిపోయినది.

చెడుగుడునందు మరియొక విశేషము గలదు. కూత ఒకే యూపిరిలో, స్పష్టముగా వినబడవలెనని నియమము. అది జనఘోషలో మునిగిపోయినచో, విరిగినదో లేదో తీర్పరి యెట్లు నిర్ణయింపగలడు? అమెరికా యాటగాడు చేసైగతో పని గడుపుకొనవచ్చును. కూతగానికి వేరు మార్గము లేదు. కావున వాడు నడిగీత దాటువరకు ఎంత యరచినను తప్పులేదు; దాటిన పిమ్మట మౌనమే న్యాయము. పొరుగువానిని బెదరించుట ఆటలో భాగమే. తీర్పరి చెవులు మూయుట మాత్రము మన గెలుపునకే మచ్చ.