కూలి రేటు కలిపిన మసీదూ చర్చీ

తూర్పు లండన్‌లో మసీదు జమాతునూ చర్చి సంఘాలనూ ఒక తాటి మీదికి తెచ్చింది కూలి రేటు. 1996లో అక్కడి క్యాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిలు, మసీదులు, బడులు, కార్మిక సంఘాల శాఖలు కలిసి టెల్కో అనే కూటమి కట్టాయి. ఇప్పుడు బ్రిటన్‌లో పలుచోట్ల పనిచేస్తున్న సిటిజన్స్ యూకేకు అదే తొలి పెద్ద పునాది. వైట్‌చాపెల్ రోడ్డులోని ఈస్ట్ లండన్ మసీదు మొదట్లోనే అందులో చేరింది.

ఆ మసీదు కథ 1910లో మొదలవుతుంది. సయ్యద్ అమీర్ అలీ చొరవతో లండన్ మసీదు నిధి ఏర్పడింది. ఖురాన్‌ను ఇంగ్లిష్‌లోకి తెచ్చిన మార్మడ్యూక్ పిక్తాల్ కూడా ఆ ప్రయత్నంతో సంబంధం ఉన్నవాడే. 1925లో హైదరాబాద్ వచ్చి, నిజాం కొలువులో ఉంటూ ఆ అనువాదం ముగించిన పిక్తాల్ ఇతనే. నిధి పుట్టాక ముప్ఫై ఏళ్లకు గానీ గూడు దొరకలేదు: 1941లో కమర్షియల్ రోడ్డులో మూడు ఇళ్లను కలిపి మసీదుగా మార్చారు. ఇప్పుడున్న భవనం 1985 నాటిది. సిల్హెట్ నుంచి వలస వచ్చిన బంగ్లాదేశీ కుటుంబాలు ఈ జమాతులో ఎక్కువ. అదే పేటలోని క్యాథలిక్ చర్చిల్లో ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చినవారు కనిపిస్తారు. శుక్రవారం నమాజుకు వచ్చేవారిలోనూ, ఆదివారం పూజకు వచ్చేవారిలోనూ రాత్రిపూట ఆఫీసులు ఊడ్చే మనుషులున్నారు.

కూటమి పనితీరు అమెరికా నుంచి వచ్చింది. సాల్ అలిన్‌స్కీ 1940లో చికాగోలో స్థాపించిన ఇండస్ట్రియల్ ఏరియాస్ ఫౌండేషన్ పద్ధతి అది. ప్రతి సభ్యసంస్థా ఏటా చందా కడుతుంది. చందా కట్టినవాళ్లకే గొంతు ఉంటుందన్నది ఇందులోని లెక్క. కార్యకర్తలు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని వాళ్ల బాధ ఏమిటో వింటారు. ఎక్కువమంది నోట వచ్చిన సంగతే ఉద్యమాంశం అవుతుంది. గర్భస్రావం, పాలస్తీనా లాంటి తెగని వాదాలను పక్కన పెడతారు. ఇది పిరికితనమని కొందరికి అనిపించవచ్చు. కానీ కూటమి నిలిచింది చాలావరకు దీనివల్లే.

అలా పైకి తేలిన బాధల్లో పెద్దది జీతం. తూర్పు లండన్‌లోనే ఉన్న ఆఫీసుల పేట కానరీ వార్ఫ్‌లోని బ్యాంకులు శుభ్రత పనిని కాంట్రాక్టర్లకు అప్పగించేవి. తక్కువకు పాడినవాడికే కాంట్రాక్టు కాబట్టి, ఆ తగ్గింపంతా ఊడ్చేవాళ్ల కూలిలోంచే వచ్చేది. 2001 అక్టోబరులో చట్టబద్ధ కనీస వేతనం గంటకు 4.10 పౌండ్లు. లండన్ అద్దెలకు అది చాలదని, ఒక కుటుంబం బతకడానికి ఎంత కావాలో లెక్కగట్టి ‘జీవన వేతనం’ ఇవ్వాలని టెల్కో ఆ ఏడాది అడగడం మొదలుపెట్టింది. మన రాజ్యాంగం 43వ అధికరణంలోనూ ఈ ఆదర్శం ఉంది.

2003లో హెచ్‌ఎస్‌బీసీ వాటాదారుల సమావేశంలో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. బ్యాంకు ఛైర్మన్ సర్ జాన్ బాండ్ గదిని రాత్రిళ్లు శుభ్రం చేసేది అతనే. ఆ జీతంతో ఇల్లు ఎలా గడుస్తుందో ఛైర్మన్ ఎదుటే చెప్పాడు. పత్రికలు అందుకున్నాయి. ఏడాది తిరిగేసరికి బ్యాంకు కాంట్రాక్టు కార్మికుల జీతాలు పెంచడానికి ఒప్పుకుంది.

2004 మేయర్ ఎన్నికల ముందు కూటమి అభ్యర్థులను సభకు పిలిచింది. ఈ సభల్లో నాయకుల ఉపన్యాసానికి చోటు తక్కువ. ఇమాములు, ఫాదర్లు, పిల్లలు, కార్మికులు వేదిక మీద ఉండి కోరికలు చదువుతారు. అభ్యర్థి అవుననో కాదనో చెప్పాలి. అప్పటి మేయర్ కెన్ లివింగ్‌స్టన్ అవునన్నాడు. 2005లో నగరపాలన తొలి లండన్ జీవన వేతనాన్ని గంటకు 6.70 పౌండ్లుగా ప్రకటించింది. ఆ తర్వాత వచ్చిన కన్సర్వేటివ్ మేయర్ బోరిస్ జాన్సన్ కూడా దాన్ని కొనసాగించాడు.

రెండు మతాల మధ్య పండితుల స్థాయి సంవాదం ఇదే కాలంలో వేరే దారిలో నడిచింది. 2006లో పోప్ 16వ బెనెడిక్ట్ రేగెన్స్‌బర్గ్ ప్రసంగంలో ఇస్లాం గురించి అన్న మాటలపై దుమారం రేగింది. మరుసటి ఏడాది అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు క్రైస్తవ మతపెద్దలకు బహిరంగ లేఖ రాశారు. దైవప్రేమ, పొరుగువారిపై ప్రేమ ఇరుమతాలకూ ఉమ్మడి అన్నది దాని సారం. 2008 నవంబరులో రోమ్‌లో క్యాథలిక్–ముస్లిం సదస్సు దాని ఫలితమే. ఆ లేఖ పెద్దల మధ్య తలుపులు తెరిచింది. అయితే వైట్‌చాపెల్‌లో పొరుగువాడు ఎవరో వెతుక్కోనక్కర్లేదు. అదే బకెట్టు, అదే నైట్ షిఫ్టు.

విమర్శలూ వచ్చాయి. 2010లో ఛానల్ 4 ప్రసారం చేసిన ఒక కార్యక్రమం, ఇస్లామిక్ ఫోరమ్ ఆఫ్ యూరప్ అనే సంస్థతో ఈస్ట్ లండన్ మసీదుకున్న సంబంధాలను ప్రశ్నించి, స్థానిక రాజకీయాల్లో ఆ సంస్థ పలుకుబడిపై ఆరోపణలు చేసింది. మసీదు వాటిని తోసిపుచ్చింది. మతసంస్థలు ప్రభుత్వ విధానంలో తలదూర్చడమే తగదనే లౌకికవాదులూ ఉన్నారు.

2016 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రభుత్వం 25 ఏళ్లు నిండినవారి చట్టబద్ధ కనీస రేటును 7.20 పౌండ్లకు పెంచి, దానికి ‘జాతీయ జీవన వేతనం’ అని పేరు పెట్టింది. ఉద్యమకారుల లండన్ రేటు అప్పటికే 9.40. చట్టం రేటు తప్పనిసరి. ఉద్యమం రేటుకు కట్టుబడాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. అలా ముందుకొచ్చిన యజమానులకు 2011లో ఏర్పడిన లివింగ్ వేజ్ ఫౌండేషన్ గుర్తింపు ఇస్తోంది.