ఇంట్లో బిగించిన కంప్యూటరుకు మన ఎండే గీటురాయి

ప్రొద్దుటూరు: బంగారు అంగళ్లకు, బట్టల వ్యాపారానికి పేరుపడిన ఈ పట్టణంలోనూ, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల్లోనూ విడిభాగాలు తెప్పించుకుని తమ కంప్యూటరును తామే బిగించుకునే విద్యార్థులు కనిపిస్తున్నారు. పులివెందులలో 2006లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల, ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటి వచ్చిన తర్వాత ఈ మోజు పల్లెలకూ పాకింది. చీనీకాయలో పత్తో అమ్మిన డబ్బులో నుంచి తండ్రి తీసి యిచ్చిన నలభై, యాభై వేలు ఆ పెట్టెలో వుంటాయి. మీట నొక్కగానే ఫ్యాను తిరిగి, తెర వెలిగి, విండోస్ కనిపిస్తే పని పూర్తయిందనుకోవడం పరిపాటి అయింది. నిజానికి సగం పని అప్పటికింకా మిగిలే వుంటుంది.

మోటారు రివైండింగ్ చేయించిన రైతు షెడ్డులో అయిదు నిమిషాలు తిరిగిందని సంతోషించి డబ్బు లెక్కపెట్టడు. బోరులో దించి, నీళ్లు ఎత్తుతున్నప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగుతున్నదో చూస్తాడు. రెండు మూడు గంటలు వదలకుండా నడిపిస్తాడు. కంప్యూటరుకూ చేయవలసింది అదే. కంపెనీవారు బిగించి అమ్మేదాన్ని వారే పరీక్షించి పంపుతారు. ఇంట్లో బిగించినదానికి ఆ దిక్కు లేదు.

కంప్యూటరును మనమే చేసుకోవడం తెలుగునేలకు కొత్తేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాదులో వెలసిన ఇ.సి.ఐ.ఎల్., ట్రాంబే శాస్త్రజ్ఞులు రూపొందించిన టి.డి.సి.-12తో 1969లోనే స్వదేశీ కంప్యూటరును దేశానికి అందించింది. నాడు దానివెనుక ఇంజనీర్ల బృందం వుంది. నేడు మిద్దెపై గదిలో ఒక్క స్క్రూడ్రైవరుతో కూర్చున్న కుర్రవాడు తానే ఇంజనీరు, తానే పరీక్షాధికారి.

ఆగిపోతే మేలే!

చెడ్డ కంప్యూటరు ఆగిపోతే ఒకరకంగా మేలు. ఆగకుండా తప్పు లెక్క చెబితేనే ప్రమాదం. 1994లో అమెరికాలో థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తూ తన లెక్కలు పొసగకపోవడం గమనించారు. నెలల తరబడి వెదకగా, తప్పు తన లెక్కలో కాదు, ఇంటెల్ కంపెనీ పెంటియం చిప్పులోనే వున్నదని తేలింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.3338 రావలసివుండగా ఆ చిప్పు 1.3337 అని చెప్పేది. ఆ చిప్పులను మార్చి యివ్వడానికి కంపెనీ 47 కోట్ల 50 లక్షల డాలర్లు లెక్కలో రాసుకోవలసి వచ్చింది. అంత పెద్ద కంపెనీ చిప్పులోనే తప్పు దొర్లినప్పుడు, మనం చేత్తో దూర్చిన ర్యామ్ ముక్క సరిగ్గా కూర్చున్నదో లేదో తేల్చుకోకుండా దానిమీద పిల్లవాడి ప్రాజెక్టు, యింటి పద్దులు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు వుంచడం ఎలాగో ఆలోచించాలి.

ముందుగా పరీక్షించవలసింది ర్యామ్‌నే. క్రిస్ బ్రేడీ అనే ప్రోగ్రామరు రాసిన మెమ్‌టెస్ట్86 అనే సాధనం వుచితంగానే దొరుకుతుంది. దాన్ని పెన్‌డ్రైవులో ఎక్కించి, విండోస్ లేకుండానే నడపవచ్చు. ర్యామ్‌లోని ప్రతి గడిలో ఒక అంకె రాసి, మళ్లీ చదివి, రాసిందే వచ్చిందా అని చూడడమే అది చేసేది. రాత్రి పడుకునే ముందు పెట్టి తెల్లవారి చూసుకోవచ్చు. ఒక్క తప్పు చూపినా తప్పినట్టే. నూటికి తొంభైతొమ్మిది వచ్చాయన్న లెక్క ఇక్కడ చెల్లదు. తప్పు చూపితే, బయోస్‌లో ఎక్స్.ఎం.పి. అనే వేగం పెంచే ఏర్పాటును తీసివేసి మళ్లీ చూడాలి. అప్పటికీ చూపితే ర్యామ్ ముక్కలను ఒక్కొక్కటిగా పెట్టి నడిపితే దొంగ దొరుకుతుంది.

తర్వాతి వంతు ప్రాసెసరుది. జార్జి వోల్ట్‌మన్ అనే అమెరికన్ 1996లో అతిపెద్ద ప్రధాన సంఖ్యలను వెదకడానికి ప్రైమ్95 అనే ప్రోగ్రాము చేశారు. అలాంటి ఒక్క లెక్కకు రోజులు, వారాలు పడుతుంది. మధ్యలో ఒక్క అడుగు తప్పినా శ్రమంతా నీళ్లపాలు. అందుకని ముందే జవాబు తెలిసిన లెక్కలను యంత్రం చేత చేయించి, సరిపోల్చే పరీక్షను కూడా అందులో పెట్టారు. ప్రధాన సంఖ్యలతో పని లేని వారు కూడా ఈ పరీక్ష కోసమే దాన్ని వాడుతున్నారు. 2016 జనవరిలో ఇంటెల్ వారి స్కైలేక్ చిప్పులు కొన్ని లెక్కల దగ్గర బిగుసుకుపోతున్నాయని బయటపడింది ఈ ప్రోగ్రాము వల్లనే. కంపెనీ ఆ లోపాన్ని బయోస్ ద్వారా సరిచేసింది.

రాత్రి పరీక్ష పరీక్ష కాదు

ఇంతవరకు ఏ ఊరికైనా ఒకటే. మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఎండ. చిప్పు వేడి గది వేడిని బట్టి వుంటుంది. గదిలో ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పులోనూ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరు రాత్రి 22 డిగ్రీల గదిలో 75 చూపిన చిప్పు, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో 93కు చేరుతుంది. 95, 100 మధ్య చాలా చిప్పులు తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి, లేదా ఆగిపోతాయి. జమ్మలమడుగు వైపు నాపరాళ్ల కప్పు కింద మధ్యాహ్నం రెండు గంటలకు కూర్చున్నవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు. ఏసీ వేసిన అంగడిలో పది నిమిషాలు నడిపి చూపించిన పరీక్ష ఇక్కడ అక్కరకు రాదు. ఆ గదిలోనే, ఆ వేళలోనే, పెట్టె మూత బిగించే ప్రైమ్95ను మూడు నాలుగు గంటలు నడిపించాలి. మూత తీసి నడిపి, చల్లగానే వుందని మురిసిపోయేవారు కొందరున్నారు!

మొదటి పది నిమిషాలు కుర్చీలో నుంచి లేవరాదు. వేడిని చూపే చిన్న ప్రోగ్రాము పక్కన తెరిచివుంచి, 95 దాటితే వెంటనే ఆపేయాలి. కొత్తవారి విషయంలో కారణం చాలాసార్లు చిన్నదే. కూలరు అడుగున అంటించి వచ్చే పల్చని ప్లాస్టిక్ పొరను తీయకుండానే బిగిస్తారు. పేస్టు చాలకపోవడం, కూలరు మరలు ఒకవైపే బిగియడం కూడా మామూలే. సిమెంటు ఫ్యాక్టరీలు, రాళ్ల పాలిష్ యూనిట్లు వున్నచోట ఫ్యాన్లకు దుమ్ము త్వరగా పడుతుంది. రెండు నెలలకొకసారి దులపక తప్పదు.

ఇక కరెంటు. ఎర్రగుంట్ల మండలంలో రాయలసీమ థర్మల్ కేంద్రం వున్నా, దానికి కూతవేటు దూరంలోని ఊళ్లలో సైతం చివరి స్తంభం కింద ఇంటికి వోల్టేజి ఎప్పుడూ నిలకడగా వుంటుందనుకోలేం. బోర్లన్నీ ఒకేసారి మొదలై బల్బు మసకబారే వేళ ఒకసారి పరీక్ష నడపాలి. బరువు పడగానే తెర మీద ఏ సందేశమూ లేకుండా పెట్టె ఆరి మళ్లీ వెలిగితే, ముందుగా అనుమానించవలసింది ఎస్.ఎం.పి.ఎస్.ను. చవకగా వచ్చిందని బరువు లేని ఎస్.ఎం.పి.ఎస్. కొనడం, యాభై వేల సరుకుకు తాటాకు పందిరి వేసినట్టే. యూ.పి.ఎస్. వుంటే పరీక్ష నడుస్తుండగానే దాని ప్లగ్గు పీకి చూడాలి. 600 వి.ఏ. అని రాసివున్నది సాధారణంగా 360 వాట్లకు మించి మోయదు. పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్నవారికి అది చాలదు. క్యాబినెట్ తాకితే చేయి జిల్లుమంటున్నదంటే ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. పరీక్ష సంగతి తర్వాత, ముందు ఉప్పు, బొగ్గు వేసి ఎర్తు గుంత సరిచేయించాలి.

ఈ పరీక్షలన్నీ వారం లోపల ముగించడం అవసరం. ఆన్‌లైనులో కొన్న భాగాలను తిప్పి పంపే గడువు సాధారణంగా వారం పది రోజులే. అది దాటితే కంపెనీ సర్వీసు కేంద్రానికి పంపి, వచ్చేదాకా ఎదురుచూడాలి. బిల్లులు, అట్టపెట్టెలు, వాటిమీది సీరియల్ నంబర్లు పారవేయరాదు. సంక్రాంతికి కంప్యూటరు బిగించుకున్నవారు ఏప్రిల్ నెలాఖరున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మరొక్కసారి ప్రైమ్95ను గంటసేపు నడిపి వేడి ఎంత చూపుతున్నదో రాసిపెట్టుకోవాలి.