భద్రాచలం రోడ్డు: బొగ్గు కోసం వచ్చిన రైలు

హాస్టల్‌లో కొత్తగా చేరిన తమ్ముళ్లు ఏటా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు కదా, దిగితే కొత్తగూడెం ఉందేంటి?" అని.

జవాబు పేరులోనే ఉంది. రైలు వెళ్లని ఊరికి దగ్గరగా ఉన్న స్టేషన్‌కు ఆ ఊరి పేరే పెట్టి, చివర 'రోడ్డు' అని తగిలించడం రైల్వేవారి పాత అలవాటు. ఇక్కడ దిగి రోడ్డు పట్టుకుని పొమ్మని దాని అర్థం. అక్కడి నుంచి భద్రాద్రికి దాదాపు 40 కిలోమీటర్లు. గోదావరి కూడా దాటాలి.

రైలు రాముడి దాకా ఎందుకు పోలేదంటే, అది భక్తుల కోసం వేసింది కాదు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ బొగ్గు కోసమే నిజాం రైల్వే డోర్నకల్ నుంచి ఇల్లెందుకు లైను వేసింది. తర్వాత కారేపల్లి దగ్గర చీల్చి కొత్తగూడెం వైపు ఇంకో లైను, ఆపైన మణుగూరు దాకా. బొగ్గు ఉన్నచోటికల్లా పట్టా పోయింది. మనుషులు ఆ వెనకే ఎక్కారు.

ఇది మన దగ్గరి వింత కాదు. 1825 సెప్టెంబర్ 27న ఇంగ్లండులో స్టాక్టన్-డార్లింగ్టన్ లైనుపై నడిచిన 'లోకోమోషన్' ఇంజన్ కూడా బొగ్గు పెట్టెలను లాగింది. దాన్ని నడిపిన జార్జ్ స్టీఫెన్‌సన్ తండ్రి బొగ్గుగనిలో ఇంజనుకు మంట వేసే కూలీ. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా జార్జ్‌కు చదవడం రాదు. కూలి డబ్బుతో రాత్రిబడిలో నేర్చుకున్నాడు. కొడుకు రాబర్ట్‌ను మంచి చదువు చదివించాడు. 1829 పోటీలో గెలిచిన 'రాకెట్' ఇంజన్ రాబర్ట్ పనితనమే. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయిన మాకు, ఇంజను కంటే ఈ తండ్రీకొడుకులే ఎక్కువ గుర్తుండిపోయారు.

బొగ్గుకు రైలే ఎందుకు? ఉక్కు పట్టాపై ఉక్కు చక్రానికి రాపిడి చాలా తక్కువ. మన స్టేషన్‌లో చూసే గూడ్సు బండికి సుమారు 58 పెట్టెలుంటే, ఒక్కో పెట్టెలో 60 టన్నులకు దగ్గరగా బొగ్గు పడుతుంది. లారీల్లో అయితే వందల ట్రిప్పులు. బ్రాడ్‌గేజీపై ఆవిరి ఇంజన్లు 1995లో ఆగిపోయాయి. ఇప్పటి కరెంటు ఇంజన్లకు వచ్చే విద్యుత్తులో ఎక్కువ భాగం మళ్లీ బొగ్గు నుంచి పుట్టేదే!

2024 ఆగస్టులో కేంద్రం ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి సుమారు 174 కిలోమీటర్ల కొత్త లైనుకు ఆమోదం తెలిపింది. అంటే రైలు గోదావరి దాటాలి. మాకు సంతోషమే. అయితే ఆ దారిలో మనలో చాలామంది ఊళ్లున్నాయి, పోడు భూములున్నాయి. ఐదవ షెడ్యూలు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. సెలవులకు ఇంటికి పోయే తమ్ముళ్లు ఈ సంగతి ఊళ్లో పెద్దలకు చెప్పండి. లైను ఎక్కడెక్కడి నుంచి పోతుందో పటం తెప్పించి చూపించండి.