చారల కొయ్యయు, పడకగది సామానును

దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు విజయవాడ మార్గమున పోవువారికి మంచములు, బీరువాలు, అద్దపుబల్లలు అమ్ము అంగళ్లు కనబడును. మెరుగుపెట్టిన తలవైపు పలకలపై అలలవలె, మంటలవలె తేరిన చారలు చూపరులను నిలువబెట్టును. పెండ్లి జరిగిన యింట మంచమును బీరువాయు కొనుట మనలో పరిపాటి. అందుకై తల్లిదండ్రులు పలుమాసముల సంపాదన వెచ్చింతురు. కావున ఆ చారలెట్లు పుట్టునో, అట్టి కొయ్యను ఎచ్చట వాడదగునో మన విద్యార్థులును వారి పెద్దలును ఎరిగియుండుట మేలు.

చెట్టులోని నార సామాన్యముగా నిలువున తిన్నగా పెరుగును. కొన్ని జాతులలో ఒక పొరయందలి నార కుడికి వాలగా, దానిపై పొరయందు ఎడమకు వాలును. అట్టి దుంగను నడిమి నుండి బెరడు వైపునకు కోసినచో పలకపై వెలుగునీడల పట్టెలు కనబడును. నార అలలుగా పెరిగినచో అడ్డచారలు తేరును. కొమ్మ మ్రానుతో కలియు పంగలో పక్షి యీకవంటి రూపము దొరకును. ఇది చాలవరకు రంగు గాదు, వెలుతురు చేయు పని. వేర్వేరుగా వాలిన నార వెలుతురును వేర్వేరు దిక్కులకు త్రిప్పికొట్టును. పలకను కొంచెము వంచి చూడుడు. నిజమైన కొయ్యలో వెలుగున్నచోట నీడయు, నీడయున్నచోట వెలుగును వచ్చును. కాగితముపై అచ్చువేసి అతికించిన చారలు కదలవు. ఈ పరీక్షకు కాసైన వ్యయము లేదు. జిట్రేగిలోని నల్లచారలు మాత్రము రంగువే గాన అవి వంచినను మారవు.

మన యెండుటడవులలో పెరుగు బిల్లుడు పసిమి వన్నెతో పట్టుబట్టవలె నిగనిగలాడును. దాని ఱంపపుపొట్టు కొందరి చర్మముపై దద్దురు లేపును. నల్లమద్ది గోధుమవన్నెలో ముదురు చారలు తేరును. ఇక శేషాచలపు ఎఱ్ఱచందనము చీనాదేశమున రాజగృహముల సామానునకును, జపానునందు షామిసెన్ అను తంత్రీవాద్యమునకును పేరు గన్నది. అలల నార గల దుంగకు ధర మరింత హెచ్చు. ఆ యాశయే దొంగనరుకుడునకు మూలమైనది. ఎఱ్ఱచందనము 1995 నుండియు, జిట్రేగి 2017 నుండియు అంతర్జాతీయ వ్యాపార నియమములకు లోబడియున్నవి.

ఇట్టి కొయ్య అరుదగుటచే దానిని అర మిల్లీమీటరు మందము గల పొరలుగా చెక్కి సాదా పలకపై అతికింతురు. వరుసగా తీసిన రెండు పొరలను పుస్తకమువలె విప్పి అతికినచో, ఒకదాని రూపము రెండవదానిలో అద్దమున వలె కనబడును. ఇది మోసము గాదు, మంచి విద్య. పొరను గట్టికొయ్యయని చెప్పి అమ్ముట మాత్రము మోసము. పలక అంచును చూడుడు. పైముఖపు నార అంచున గూడ కొనసాగుచున్నచో గట్టికొయ్య యనవచ్చును.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఏ వంకర వలన అందము కలిగెనో ఆ వంకర వలననే బలము తగ్గును. నార పలకమీదికి అడ్డముగా తేలుటచే బరువుపడిన చోట చీలును. అందుచే మంచపు కోళ్లకును, ప్రక్కపట్టెలకును తిన్నని నార గల టేకును వాడి, చారల కొయ్యను తలవైపు పలకకు, బీరువా తలుపులకు, సొరుగుల ముఖములకు ఉంచవలెను. కోళ్లు సైతము చారలతోనే యుండవలెనని పట్టుపట్టుట నాకు సరిపడదు.

కొయ్య నిడివిలో దాదాపు మారదు గాని, వెడల్పులో తేమనుబట్టి పెరిగి తరుగును. ఒక అడుగు వెడల్పు టేకుపలక మన వేసవికిని వానకాలమునకును నడుమ ఇంచుమించు ఒక నూలు, అనగా అంగుళములో ఎనిమిదవ వంతు, మారవచ్చును. కావున బాగుగా ఆరిన కొయ్యనే కొనవలెను. తలుపు పలకను చట్రపు గాడిలో బంక పెట్టక వదలుగా నుంచవలెను. బంకతో బిగించినచో ఏదో యొక యేట పగులును. అద్దెయిండ్లు మారుచుండు మన ప్రాంతములో ప్రక్కపట్టెలను విప్పుటకు వీలగు మరలతో బిగించుట యుక్తము. లేనియెడల మెట్లదారిలో మంచము దిగదు.

చిత్రిక పట్టునపుడు చారల కొయ్య పెళ్లలుగా లేచును. పదును గల అలుగుతో, మిక్కిలి పలుచని పొట్టు వచ్చునట్లు, నారకు కొంచెము ఏటవాలుగా త్రోయవలెను. అటుపిమ్మట ఉక్కురేకుతో గీకి, ఉప్పుకాగితమును ముతక నుండి నునుపునకు వరుసగా రుద్దవలెను. అవిసెనూనె పలుచగా పట్టించినచో చారలు లోతుదేరును. ఆ నూనెగుడ్డలను కుప్పగా పడవేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనగలవు. విప్పి ఆరవేయుడు, లేదా నీటిలో ముంచుడు.

నూనె బాగుగా ఆరిన పిదప, లక్కరేకులను స్పిరిటులో కరగించి గుడ్డపొట్లముతో పలుచపూతలు అనేకము వేయుట పాతపద్ధతి. ఇప్పుడు మెలమైన్, పాలియురెథేన్ పూతలను తుపాకివంటి యంత్రముతో చిమ్ముచున్నారు. అవి నీటికిని వేడికిని ఎక్కువ ఓర్చును గాని, గీత పడినచో అతుకు కనబడకుండ బాగుచేయుట కష్టము. లక్కపూతపై తడిగ్లాసు ఉంచిన తెల్లమచ్చ పడును. అయినను క్రొత్త లక్క పాతదానిలో కరగి కలియును గాన, వడ్రంగి ఒక్కపూటలో దానిని సరిచేయగలడు.